అమెరికా బొంత

పజుండౌంగ్, యాంగాన్
16 జూన్ 2024

పెద్దమ్మకు నీ అమ్ములు నమస్కారాలు.

ముందుగా వెంకట్రావు మాస్టారికి ఒక మనవి. మాస్టారూ, ఈ ఉత్తరం పెద్దమ్మకి చదివి వినిపించేటప్పుడు నా అక్షరదోషాలు పైకి చదవకండి. ప్రతి ఆదివారం మందిరం అరుగు మీద మీరు నేర్పిన తెలుగే ఇది. తప్పులుంటే ఇద్దరి పరువూ పోతుంది.

పెద్దమ్మా, నాకు ఉద్యోగం వచ్చింది. లత అనే పేటలో ఒక పాత మేడ పై అంతస్తులో చిన్న మ్యూజియం ఉంది. అమెరికా మొదటి రోజుల్లో మామూలు జనం ఎలా బతికేవారో, ఇంటి పనులు చేతులతో ఎలా చేసుకునేవారో స్కూలు పిల్లలకి చూపించే కార్యక్రమం ఒకటి కొత్తగా పెట్టారు. నన్ను అందులో తీసుకున్నారు. తలుపు పక్క బోర్డు మీద బర్మా అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి నా పేరు ఉంది. నాన్న గోదాము నుంచి ఇంటికొచ్చి, చొక్కా మార్చుకుని మరీ చూడ్డానికి వచ్చాడు. చదవడం రాకపోయినా చాలాసేపు చూశాడు. ఏ అక్షరం దగ్గర నా పేరు మొదలవుతుందో వేలు పెట్టి చూపించమన్నాడు.

ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మూడు నెలలు పరీక్ష. సెప్టెంబరు ఆఖరున పెద్ద ప్రదర్శన ఉంటుంది. అందులో నెగ్గితే ఉంచుతారు, లేకపోతే బోర్డు మీద నా పేరు చెరిపేస్తారు. అంతసేపు చూసిన మనిషికి ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక నాన్నకి చెప్పలేదు.

ఇప్పుడు నీతో పని పడింది. బొంత ఎలా కుట్టాలో చెప్పు. పెద్దది కాదు, చిన్నది. మోచేతి అంత పొడవుంటే చాలు. గుడ్డలు ఎన్ని పొరలు వెయ్యాలి, కుట్టు ఎక్కడ మొదలుపెట్టాలి, అన్నీ విడమరిచి రాయించు. సెప్టెంబరులోపు కావాలి. ఇది ఆఫీసు పనే. నాన్నతో మాత్రం అనకు.

ఇక్కడ అందరూ మంచివాళ్ళే. తాకేటా నుంచి గోపీకృష్ణ అని వడ్రంగిపని చేసే ఆయన వస్తాడు, చాలా సాయం చేస్తున్నాడు. ఒక్క వాసనతోనే ఇబ్బంది. కరిగించిన మైనం వాసన నాకు పడటం లేదు. ఈ వారం రెండుసార్లు పొద్దున్నే వాంతి చేసుకున్నాను. చింతకాయ ఉప్పులో అద్దుకుని తింటే కాస్త కుదుటపడుతోంది.

జవాబు బస్సు కండక్టరు చేతికి ఇవ్వు, తొందరగా చేరుతుంది.

బోర్డుకెక్కిన నీ బిడ్డ,
అమ్ములు


మౌలమైన్
30 జూన్ 2024

అమ్ములూ,

నాను సెప్పింది సెప్పినట్టే రాయమని మాస్టారి సేత ఒట్టేయించుకున్నాను. ఆయన బాసలో రాస్తే నీకు నా గొంతు ఇనబడదు.

ఒలే గుంటా, ఏటి సేసుకున్నావే?

నాకు సదువు నేదు. కల్లు మాత్రం ఉన్నాయి. పొద్దున్న వోంతులు. సింతకాయ, ఉప్పు. సిన్న బొంత, మోసేతంత. సెప్టెంబరులోపు. నాన్నతో అనకు. ఇన్ని ముక్కలూ ఒక్క కాయితం మీదే రాసి, పైన ఆఫీసు పని అంతావా? ఏ ఆఫీసోలు కుర్సీల్లో కూకుని బొంతలు కుడతారే? మోసేతంత బొంత ఎవులికి కుడతారో మా ఈదిలో కోడిపిల్లకి కూడా తెలుసు.

(అమ్మాయీ, ఇది కాస్త మార్చి రాద్దామనుకున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని పెన్ను వంకే చూస్తోంది. — వెం.)

ఆడెవడు, గోపీకృష్ణ? ఇంటిపేరేటి? ఆల్ల తాత సిక్కోలు నుంచి ఓడెక్కేడా, గంజాం నుంచా? అమ్మా అయ్యా ఉన్నారా? నాను కొట్టను. తిట్టను. ఇదివరకు కొట్టిన దెబ్బలకే ఇప్పుడు ఏడుస్తున్నాను. ఆడు ఒప్పుకుంటే నెల్లో పెళ్ళి సేసేద్దాం. ఒప్పుకోకపోతే నాను రంగూను ఒస్తాను, అప్పుడు ఒప్పుకుంటాడు. పైడితల్లి అమ్మోరికి మొక్కేసేను.

మైనం వాసనంట. మైనం వాసనకి వోంతులు అవుతాయేటే! మీ అమ్మ కూడా నువ్వు కడుపులో ఉన్నప్పుడు గోడ సున్నం వాసనంది.

బరువులెత్తకు. బొంత సంగతి నాను సూసుకుంటాను, నువ్వు సూది ముట్టుకోకు.

(నేను ఎవరికీ చెప్పను. మా ఆవిడ మాత్రం ఇక్కడే బియ్యం ఏరుకుంటోంది. — వెం.)

గుండె సేత్తో పట్టుకుని,
పెద్దమ్మ


పజుండౌంగ్
10 జూలై 2024

పెద్దమ్మా, నీకో దండం.

లేదు. లేదు. లేదు. మాస్టారూ, ఈ మూడు ‘లేదు’లూ గట్టిగా చదవండి, బియ్యం ఏరుకుంటున్నవారికి కూడా వినబడాలి.

నిజంగా ఆఫీసు పనే. సిగ్గుపడి సగమే చెప్పాను. సగం నిజం చెబితే ఏమవుతుందో ఇప్పుడు తెలిసింది. మొత్తం చెబుతాను.

ఉద్యోగానికి కాగితం నింపేటప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. సంప్రదాయ చేతిపనుల్లో మీకు ఏవి వచ్చు? కింద వరసగా వెన్న చిలకడం, పాత గుడ్డలతో దుప్పటి కుట్టడం, కొవ్వొత్తులు చెయ్యడం. నేను అన్నిటి పక్కనా గీత పెట్టాను. ఏ ప్రశ్నా ఖాళీగా వదలకూడదు, వదిలితే మార్కులు పోతాయి. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా నన్ను నడిపించిన సూత్రం అది. పైగా అవన్నీ మన ఇంటి పనులే కదా, నేను పెరిగింది ఆ ఇంట్లోనే కదా అనుకున్నాను. ఆ ఇంట్లో నేను చదువుకుంటూ కూర్చున్నానన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

మాటలు చెప్పే ఉద్యోగం అనుకున్నాను. మొదటి రోజే మా పెద్దావిడ డో ఖిన్ తాన్ నాకు ఒక మూట ఇచ్చింది. అందులో నేల ఊడ్చేంత గౌను, దాని మీదకి తెల్ల గుడ్డ, తలకి కట్టుకోవడానికి కుచ్చుల టోపీ. ఆ వేషంలో పిల్లల ముందు నిలబడి అమెరికా పాతకాలపు ఇల్లాలిలా పనులు చేసి చూపించాలట. ఈ వానల్లో, ఈ ఉక్కలో, కరెంటు పోతూ వస్తూ ఉండే మేడ మీద! కిందనుండే సైకా రిక్షా అతను నన్ను కిటికీలో చూసి, పైన ఎవరిదైనా పెళ్ళా, దయ్యం వదిలిస్తున్నారా అని అడిగాడట.

మొదట వెన్న. అమెరికావాళ్ళ కవ్వం మనలా తాడుతో తిప్పేది కాదు. నిలువు పీపాలో కర్ర పెట్టి రోకటితో దంచినట్టు పైకీ కిందకీ ఆడించాలి. గోపీకృష్ణ ఆ పీపా చెక్కాడు. గంటసేపు దంచాను. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏటండీ రాధాకుమారి గారూ, ఇందాకట్నించీ ఏటి సిలుకుతున్నారు?"

"వెన్న వస్తుంది."

"ఏ పాలు పోసేరేటి?"

"కింద టీకొట్టు నుంచి తెప్పించాను. డబ్బా పాలు."

ఆయన నవ్వలేదు. అదే ఎక్కువ బాధ. "అమెరికావోలు మల్లీ ఓడెక్కి సొంతూరు ఎల్లిపోయేదాకా సిలికినా అందులోంచి వెన్న రాదండీ. టీ అయితే ఒస్తాది" అన్నాడు.

కాబట్టి పెద్దమ్మా, ఆయన నన్ను పెళ్ళి చేసుకునే ప్రమాదం ఏమీ లేదు. నాలాంటి మూర్ఖురాలు ఉంటుందని ఆయనకి ఇదివరకు తెలియదు.

తర్వాత బొంత. పిల్లలకి నేర్పడానికని మోచేతంత ముక్క తీసుకుని గంటన్నర కుట్టాను. లేచి నిలబడితే అది నాతోపాటే లేచింది. గౌనుకి కలిపి కుట్టేశాను. డో ఖిన్ తాన్ కత్తెర తెచ్చి నన్ను విడిపిస్తూ, "నీ చేతులు చూస్తే పుస్తకం తప్ప ఇంకేమీ ముట్టుకున్నట్టు లేవే" అంది. "అలవాటు తప్పిందండీ" అన్నాను. ఏ అలవాటో ఆవిడ అడగలేదు, బతికించింది.

నా బతుకు ఇప్పుడు నీ చేతిలో ఉంది. మెల్లగా, ఏమీ రానిదానికి చెప్పినట్టు చెప్పు.

కడుపు ఖాళీగా ఉన్న,
అమ్ములు


మౌలమైన్
25 జూలై 2024

అమ్ములూ,

నీ ఉత్తరం ఇని ముందు నవ్వేను. మాస్టారి ఆడోలు కూడా నవ్వేరు. గేదికి మేతెయ్యడం మర్సిపోనాను. నువ్వు గౌనుకి కుట్టుకున్న కాడ మాస్టారిసేత రెండుసార్లు సదివించుకున్నాను.

ఒకటి సెప్పాలి, కోప్పడకు. నీకు పెళ్ళి కుదిరిందని మందిరం కాడ అందరికీ సెప్పేసేను. నీ పరువు పోకుండా ముందే సెప్పి ఉంచేను. ఇప్పుడు నేదంటే ఎందుకు తప్పిందని అడుగుతున్నారు. ఆ వడ్రంగోడికి కోపం ఎక్కువంట, మేమే ఒద్దన్నామని సెప్పేను. ఆడు ఎప్పుడైనా ఇటొస్తే తల దించుకుని ఎల్లిపొమ్మను.

(ఆ కుర్రాడికి నా సానుభూతి. — వెం.)

ఇంటికెల్లి కూకున్నాక నవ్వు ఆగిపోనాది.

నువ్వు ఇనుకో. మా అమ్మ రేవులో బస్తాలు కుట్టేది. ఓడలోంచి దించినప్పుడు బియ్యం బస్తా సిరిగితే, నెత్తి మీద బస్తా ఉండగానే కూలోడు ఒంగునేవోడు, మా అమ్మ గోతాం సూదితో కుట్టేది. నాను తొమ్మిదేల్లకే బియ్యం మిల్లులో ఆ సూది పట్టేను. నా ఎడం బొటనేలికి గోరు సరిగా రాదు, నువ్వు సూసుంటావు. అది ఎందుకో నువ్వు అడగనేదు, నాను సెప్పనేదు.

నీకు ఏడేల్లప్పుడు నాను బొంత కుడతంటే పక్కన కూకున్నావు. సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవు. ఒక్కసారికే ఎక్కించేవు. నీ సెయ్యి అంత సురుకు. నాకు బయమేసింది. ఒక్క దెబ్బ ఏసేను, నువ్వు ఏడ్సేవు. నా సూది డబ్బా అటకెక్కించేను. నువ్వు నిద్దరపోయేకే దించేదాన్ని. పేడ ఎత్తనివ్వనేదు, కవ్వం ముట్టుకోనివ్వనేదు. అన్నం తిన్న కంచం కూడా తియ్యనివ్వనేదు. నీ సేతికి ఒక్క పనీ రాకూడదని నాను కూకుని పెంచేను. పని ఒస్తే పనిలో పెట్టేస్తారు.

ఇప్పుడు మేడెక్కించి, గౌనేసి, లైట్లేసి, అదే సూది పట్టుకోమంటారా? దానికా డిగ్రీ?

నాను నేర్పను. మల్లీ అడక్కు.

పెద్దమ్మ


పజుండౌంగ్
11 ఆగస్టు 2024

పెద్దమ్మకు,

నీ ఉత్తరం అందింది. నీ గోరు సంగతి ఇప్పటిదాకా నాకు తెలియదు. తెలియనందుకు సిగ్గుపడ్డాను. కానీ నా గతి కూడా చూడు.

ఇక్కడ గోడ మీద ఒక అమెరికా బొంత ఫోటో ఉంది. ఎవరో రైతు ఇల్లాలు కుట్టినదట. మందిరంలో విగ్రహానికి వేసినట్టు దానికి దీపం వేశారు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పనక్కర్లేదు, అయినా విప్పుతున్నారు. నువ్వు దాచిపెట్టిన పనిని ఇక్కడ అందరూ చేతులు కట్టుకుని చూస్తారు. నాకు అది రాదు కాబట్టి నేను చేతులు దాచుకుంటున్నాను.

నీకు చెప్పకుండా నేర్చుకుందామని ఫోనులో ఒక ముసలి అమెరికా ఆవిడ వీడియో పెట్టాను. ఆవిడ మొదటి కుట్టు వేసేలోపు కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి ఆవిడ మూడో వరసలో ఉంది. నేను వేలు చీకుతున్నాను. ఇప్పటికి నా వేళ్ళకి ఐదు పట్టీలున్నాయి. గోపీకృష్ణ వాటిని చూసి, "గుడ్డ మీద కూడా రెండు కుట్లు ఎయ్యండి" అన్నాడు.

ఇంకో ఆరువారాల్లో ప్రదర్శన. నాన్న గోదాములో అందరినీ పిలిచాడు. నీకిది ఆటలా ఉందేమో.

నన్ను కూర్చోబెట్టి పెంచమని నిన్ను ఎవరు అడిగారు? ఏ పనీ రాని మొద్దుని తయారుచేసి, దానికి ప్రేమని పేరు పెట్టుకున్నావు. నీ పంతం నెగ్గడానికి నా రెండు చేతులూ కట్టేశావు.

రాధాకుమారి


మౌలమైన్
27 ఆగస్టు 2024

చిరంజీవి రాధాకుమారికి,

ఈసారి రాస్తున్నది నేనే, వెంకట్రావుని. మీ పెద్దమ్మ చెప్పి రాయించినవి కింద రెండు వాక్యాలే.

నీ ఉత్తరం చదివాను. చివరి పేరా దగ్గర నా గొంతు కాస్త తగ్గింది, దాటేద్దామనుకున్నాను. "మింగకండి మాస్టారూ, సదవండి" అంది. చదివాను. "కింద ఏటని రాసింది? అమ్ములు అని రాయనేదా?" అని అడిగింది. రాధాకుమారి అని ఉందన్నాను. లేచి వెళ్ళిపోయింది. పదకొండు రోజులు ఇటు రాలేదు, పెరుగు కూడా వేరే మనిషితో పంపింది.

నిన్న ఈ మూట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. విప్పి చూడలేదు, కానీ మెత్తగా ఉంది. ఆవిడ చెప్పిన మాటలు ఇవి:

"ఇది నువ్వే కుట్టేవని సెప్పు. నా పేరు ఎత్తకు."

ఇది సరికాదని నేను అభ్యంతరం చెప్పాను. "రాయడం మీ పని మాస్టారూ" అంది. రాశాను.

నీ తెలుగులో తప్పులు లేవు. ఉంటే బాగుండేది.

ఆశీస్సులతో,
వెంకట్రావు


పజుండౌంగ్
1 అక్టోబరు 2024

పెద్దమ్మా,

మాస్టారు ఈ ఉత్తరం మొదలుపెట్టగానే నువ్వు లేచి వెళ్ళిపోకు. చివర ఏం సంతకం పెట్టానో ముందే చెబుతున్నాను, అమ్ములు అనే.

మూట విప్పగానే గుర్తుపట్టాను. నేను పదో తరగతి దాకా కప్పుకున్న బొంతే. నీకు తిట్లు రాస్తే నువ్వు నా బొంత పంపావు. అప్పుడే తిరిగి పంపేసి ఉంటే నేను మంచిదాన్ని. నేనేం చేశానో చెబుతాను, మాస్టారూ, ఇక్కడినుంచి కావాలంటే గొంతు తగ్గించుకోండి.

దాన్ని తీసుకెళ్ళి డో ఖిన్ తాన్ బల్ల మీద పరిచాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు? ఇది నువ్వు కుట్టావా?" అంది. "ఊఁ" అన్నాను. అంతే. అంత చిన్న అబద్ధానికి అంత పెద్ద ఫలితం వస్తుందనుకోలేదు. ఆ సాయంత్రమే ఉద్యోగం ఖాయం అంది. అమెరికా బొంత ఫోటో పక్కన నీ బొంతని వేలాడదీసి, కింద కార్డు పెట్టించింది. ‘అమెరికా పద్ధతిలో కుట్టినది: రాధాకుమారి.’ నేను రోజుకి నాలుగుసార్లు అటు వెళ్ళి ఆ కార్డు చదువుకున్నాను. మూడోరోజుకి నేనే కుట్టానేమో అని నాకు కూడా అనిపించడం మొదలైంది.

గోపీకృష్ణ ఒక్కడే బొంత ముందు చాలాసేపు నిలబడి, నా వేళ్ళ పట్టీలు చూసి, ఏమీ అనకుండా వెళ్ళి పీపాకి నూనె రాసుకున్నాడు.

ప్రదర్శన రోజు నాన్న, గోదాము నుంచి ఇంకో ఎనిమిదిమంది వచ్చారు. తాకేటా నుంచి ముప్ఫైమంది పిల్లల్ని తీసుకుని దేవి టీచర్ వచ్చింది. వెన్న దగ్గర గండం గడిచింది, ఈసారి మీగడే పోశాను. కొవ్వొత్తులు వంకరగా వచ్చాయి, పిల్లలకి అవే నచ్చాయి. తర్వాత బొంత. దేవి టీచర్ వాళ్ళమ్మ బట్టలు కుడుతుందట, ఆ సంగతి నాకు ముందు తెలియదు. టీచర్ బొంతని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మాయీ, ముడి ఏదీ?"

"ఆఁ?"

"దారం మొదట్లో ముడి వేస్తారు కదా. ఇటువైపు లేదు, అటువైపూ లేదు. ఎక్కడ దాచారు?"

నేను వెతికాను. పెద్దమ్మా, కుచ్చుల టోపీ కళ్ళ మీదకి జారుతుంటే, ముప్ఫైమంది పిల్లల ముందు, నేను కుట్టిన బొంతలో నేను వేసిన ముడి కోసం ముందు పైనుంచి, తర్వాత వంగి కిందనుంచి వెతికాను. నాన్న కూడా లేచి వచ్చి వెతకడం మొదలుపెట్టాడు. దొరకలేదు. నీ చేతిని నువ్వు అంత బాగా దాచావు.

అప్పుడు నా నోరు నా అనుమతి లేకుండా తెరుచుకుంది. "అమెరికా పద్ధతిలో అసలు ముడి ఉండదండీ" అన్నాను.

"అలాగా!" అంది టీచర్. పిల్లల వైపు తిరిగి, "రాసుకోండి" అంది.

ముప్ఫై నోటుపుస్తకాలు తెరుచుకున్నాయి.

కాగితం నింపేటప్పుడు నాకు ఏమీ కాలేదు. డో ఖిన్ తాన్ ముందు ఊఁ అన్నప్పుడు ఏమీ కాలేదు. నా పేరున్న కార్డు కింద నిలబడినప్పుడు కూడా, సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషంగానే ఉంది. కానీ ఆ పిల్లలు నాలుక కొస బయటపెట్టి, నా అబద్ధాన్ని గుండ్రని అక్షరాలతో రాసుకుంటున్నారు. నేనూ అలాగే రాసుకున్నాను కదా పెద్దమ్మా. టీచరు చెప్పిన ప్రతి ముక్కా, నిజమని నమ్మి. నువ్వు నా పుస్తకం మీద కాలు పడితే కళ్ళకద్దుకునేదానివి, అందులో ఏముందో నీకు తెలియకపోయినా.

"కొట్టేయండి. అది తప్పు. కొట్టేయండి" అని అరిచాను. టోపీ పడిపోయింది. "ఈ బొంత నేను కుట్టలేదు. మౌలమైన్‌లో మా పెద్దమ్మ కుట్టింది. నాకు కుట్టడం రాదు. అమెరికా పద్ధతి ఏమిటో కూడా నాకు తెలియదు" అన్నాను. పిల్లలు శ్రద్ధగా ఆ వాక్యాన్ని కొట్టేసి, దాని కింద ఇది రాసుకున్నారు. ఒక పిల్ల ‘మౌలమైన్’ ఎలా రాయాలని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకీ నాకు జవాబు వచ్చు.

కిందకి దిగేటప్పుడు నాన్న, "మీ పెద్దమ్మ కుట్టు నాకు ముందే తెలిసింది. నువ్వు ఎతుకుతున్నావు కదా, ఒక్కదానివే ఎందుకని నానూ ఎతికేను" అన్నాడు.

డో ఖిన్ తాన్ మర్నాడు పిలిచింది. "చేతిపనులు చూపించే ఉద్యోగంలో నువ్వు ఇక ఉండవు" అంది. సామాను సర్దుకోమంటుందనుకుని లేచాను. "కూర్చో. కార్డులు రాసే మనిషి కావాలి. మళ్ళీ మూడు నెలలు పరీక్ష. ఈసారి ఒక్క అబద్ధం రాసినా మెట్లు ఎక్కనివ్వను" అంది. ఇంకా ఒక మాట అంది. ఆ అమెరికా బొంత ఎవరు కుట్టారో ఎవరూ రాసిపెట్టలేదట, ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు. "మీ పెద్దమ్మ ఉంది కదా, అడుగు" అంది. ఆవిడ వచ్చి ఒకసారి కుట్టి చూపిస్తుందేమో కనుక్కోమంది కూడా.

కాబట్టి నేర్పమని అడగను. చెప్పమని అడుగుతున్నాను. ఏ గుడ్డలతో కుట్టావు, ఎప్పుడు, ఎందుకు? ముడి ఎక్కడుంది? నువ్వు చెప్పకపోతే కార్డు ఖాళీగా ఉంచుతాను. ఖాళీ వదలడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

ఆగస్టులో రాసిన మాటలు వెనక్కి తీసుకోలేను, నువ్వు వినేశావు. ఆ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టు.

నీ దగ్గర తప్ప ఎక్కడా చెల్లని,
అమ్ములు


మౌలమైన్
17 అక్టోబరు 2024

అమ్ములూ,

ఆ ఉత్తరం పొయ్యిలో పెట్టను. నీ దస్తూరీ కాల్సడానికి నాకు సెయ్యి రాదు.

సూది రాదని నిన్ను తీసేసేరా! మాస్టారు ఆ ముక్క సదవగానే ఇంకోసారి సదవమన్నాను. ఎల్లి జిలేబీలు తెచ్చి ఈదంతా పంచేను. ఏటి సంగతని అడిగితే, మా గుంటకి కుట్టడం రాదని గవర్నమెంటోలు కూడా ఒప్పుకున్నారు అని సెప్పేను.

(అది ప్రభుత్వ సంస్థ కాదని చెప్పాను. వినలేదు. — వెం.)

నాను ఒచ్చి కుట్టి సూపించను. ఆవిడకి దండాలు సెప్పు. కుట్టీసేను, ఇంక సాలు. కావాలంటే కుట్టింది సూసుకోమను.

ఇప్పుడు రాసుకో. అబద్దం నేకుండా సెప్తాను.

నీకు నాలుగో ఏట మీ అమ్మ పోయినాక నాన్న నిన్ను నా కాడ దింపేడు. ఆ వానల్లో కుట్టేను. మీ అమ్మ సీరలు మూడు. నావి రెండు, మిల్లుకి కట్టుకెల్లినవి, పసుప్పచ్చగా ఉన్నాయి సూడు. సుట్టూ ఎర్రంచు ఏ సీరదంటే, మాస్టారి ఆడోల్లది. తాడు మీద ఆరేస్తే తెచ్చేసుకున్నాను. మీ అమ్మ సీరలన్నీ ఎలిసిపోయిన రంగులు, ఎర్రంచు నేకపోతే పిల్ల ఏడుస్తాదని తెచ్చేను.

(ఇరవై ఏళ్ళ కిందట ఆ చీర గాలికి కొట్టుకుపోయిందని మా ఇంట్లో పెద్ద గొడవ అయింది. నేనే సరిగా క్లిప్పు పెట్టలేదని రుజువైంది. ఇప్పుడు ఇది నా చేతులతో నేనే రాస్తున్నాను. — వెం.)

ఆల్లావిడ ఇక్కడే ఉంది. నవ్వుతాందో తిడతాందో తెల్దు, కొంగు అడ్డంగా ఉంది.

ముడి లోపల పొరల మద్దిన ఉంటాది. పైనెడితే పిల్ల ఈపుకి గుచ్చుకుంటాది. ఒంగుని ఎతికేవు కదా, ఇంక ఎతక్కు. ఇప్పితే బొంత పాడైపోద్ది. అమెరికావోలు ఎలా ఏస్తారో నాకు తెల్దు, ఆల్లనే అడగండి. ‘అమెరికా పద్దతి’ అన్న ముక్క తీసెయ్యి. అది మిల్లు పద్దతి. బస్తా ముడి లోపలికే ఏస్తారు, గింజ కారకుండా.

ఆ వడ్రంగోడు కుట్టు సూసి కూడా నోరిప్పనేదని రాసేవు. ఆడికి కోపం ఎక్కువని నాను ఊరంతా సెప్పేనే, పాపం. ఇంటిపేరు మాత్రం అడుగు. ఊరికే.

బొంత అక్కడే ఉండనీ. సలికి నాకు ఇంకోటి ఉంది.

కార్డు మీద ‘కుట్టింది తాయారమ్మ’ అని ఒక్క ముక్క రాసి ఒగ్గీకు. దాని కిందన ఇది కూడా ఎయ్యి, అచ్చరాలు పెద్దవిగా: ‘ఈ పని రాని పిల్లని పెంచింది కూడా ఆవిడే.’

తాయారమ్మ